ఉపవాస ప్రార్థన తర్వాతి బిర్యానీ

ఇందిరాపురంలోని మా తెలుగు సహవాసంలో ప్రతి శుక్రవారం ఉపవాస ప్రార్థన ఉంటుంది. పొద్దున్నుంచి ఏమీ తినకుండా ప్రార్థించి, మధ్యాహ్నం అందరం కలిసి భోంచేస్తాం. ఆ భోజనం ఉపవాసానికి నష్టపరిహారంలా ఉంటుంది.

ఆ వారం పాస్టర్ గారింట్లో కూడిక. షుగర్ తగ్గకపోతే కళ్లకే ముప్పని డాక్టర్ నాకు చెప్పి ఉన్నారు. ఆదివారం ఆరాధనలో వాక్యం చదివే సేవ నాది. అది పోతుందన్న భయంతో ప్రార్థన మనవి పెట్టాను. పాస్టర్ గారు నా తలమీద చెయ్యి వేసి, షుగర్ దిగిపోవాలని కన్నీళ్లతో ప్రార్థించారు. అందరం గట్టిగా ఆమెన్ అన్నాం.

తర్వాత బిర్యానీ, దాని వెనకే డబల్ కా మీఠా. నేను రెండోసారి వడ్డించుకోబోతే మా ఆవిడ గిన్నెమీద మూత పెట్టేసింది.

"దింపమని దేవుణ్ణి అడిగి, మీరిక్కడ ఎక్కిస్తూ కూర్చుంటే ఆయనేం చేస్తాడండీ?"

"ప్రార్థించి తింటే ఏం కాదులే సిస్టర్," అన్నారు పాస్టర్ గారు తన కప్పు దగ్గరికి లాక్కుంటూ.

"మీ షుగర్ ఎంతుంది పాస్టర్ గారూ?" అంది మా ఆవిడ.

"ఆయన టెస్టే చేయించుకోరమ్మా! ఎంత వస్తుందోనని భయం," అన్నారు వంటింట్లోంచి పాస్టరమ్మ గారు.

దేహం దేవుని ఆలయమని ఎన్నోసార్లు చదివి వినిపించినవాణ్ణి నేనే. నా ఆలయానికీ, పాస్టర్ గారి ఆలయానికీ అరుగులు బాగా ముందుకొచ్చాయి.

పాస్టర్ గారు కప్పు పక్కన పెట్టి కళ్లు మూసుకున్నారు. "ప్రభువా, వచ్చే శుక్రవారం వంట ఈ సహోదరికే అప్పగిస్తున్నాం."

అందరికంటే ముందు ఆమెన్ అన్నది మా ఆవిడే. అప్పట్నుంచి జొన్నరొట్టె, ఆకుకూర పప్పు. వాక్యం ఇంకా నేనే చదువుతున్నాను.