పద్నాలుగు సెకన్లు

కలకత్తా రేడియోలో వారానికోసారి వచ్చే తెలుగు కార్యక్రమం చదివే పెద్దాయనది శ్రీకాకుళం. పగలు గార్డెన్ రీచ్ రేవులో పని. మైకు ముందు కూర్చోబోతూ చెప్పులు విడిచేవాడు. ప్రసారమైనదంతా సెకన్లతో సహా లాగ్‌పుస్తకంలో రాయడం నా ఉద్యోగం.

ఒక వారం, మ్యాన్‌హోల్‌లో దిగి చనిపోయిన తెలుగు కార్మికుడి గురించి ఆయన రాసుకొచ్చిన మూడు వాక్యాలను బెంగాలీ ఆఫీసరు కొట్టేశారు.

"మద్రాసీల గొడవ రేడియోకెందుకు దాదా? ఎర్రజెండా సర్కారుకి చెడ్డపేరు."

"ఆడి పేరైనా సెప్పకూడదేటి, బాబూ?"

ఆఫీసరు కాగితం ఆయన చేతిలో పెట్టి వెళ్ళిపోయారు.

ప్రసారంలో ఆ చోటికి రాగానే పెద్దాయన ఆగాడు. కొట్టేసిన వాక్యాలను పెదవులు కదుపుతూ మనసులోనే చదువుకున్నాడు. తర్వాత బజారు ధరలు చదివాడు.

అయ్యాక చెప్పులు తొడుక్కుంటూ, "రాసీసావేటి, చెల్లెమ్మా?" అన్నాడు.

"రాశానన్నయ్యా. పద్నాలుగు సెకన్లు, కావాలనే మౌనం."

"ఉన్నదే రాసావు," అని నవ్వాడు.

మర్నాడు ఆ పుస్తకమే చూపించి ఆయనచేత కార్యక్రమం మానిపించారు. రేవు దగ్గర తెలుగువాళ్ళ బస్తీలో ఆ పద్నాలుగు సెకన్లూ తమ రేడియోలు చెడిపోయాయనుకున్నారట. నేనూ యంత్రం ఆగిందని రాసుంటే ఆయన ఉండేవాడు.

సెకన్లు లెక్కపెట్టినదాన్ని, చనిపోయినతని పేరు మాత్రం ఆయన్ను అడగలేదు.