రంగు అండాలో పది లక్షల క్యాలరీలు

మగ్గాల ఇళ్ళలో పెరిగిన మిత్రులారా, కాగే రంగునీళ్ళ వాసన గుర్తుందా? నిన్న తమిళనాడు గుడియాత్తంలో ఇద్దరు ఆ నీళ్ళు కాచే పెద్ద అండాను కర్రకు తగిలించి మోస్తున్నారు. ఈ కాలంలోనూ ఒక బండి పెట్టించని యజమానిని తిట్టాలనుకున్నాను. కానీ పక్కకు తప్పుకుని, ముందు వాళ్ళకు దారిచ్చాను.

మా ఇంట్లోనూ అలాంటి అండా ఉన్న రోజులవి; నాకప్పుడు పదేళ్ళు. గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడెక్కించే వేడే క్యాలరీ అని ఏదో సైన్సు కరపత్రంలో చదివాను. మా అండాలో ఇరవై లీటర్లు, అంటే ఇరవై వేల గ్రాములు. ముప్పై డిగ్రీల నుంచి ఎనభైకి కాగేవి. బొగ్గుతో గోడ మీద లెక్కేస్తే పది లక్షలు వచ్చింది! బొగ్గు పారేసి పరిగెత్తాను.

అమ్మా నాయనా ఆ అండాను మోస్తూ, వట్టికాళ్ళతో తడినేల మీద వస్తున్నారు.

"నాయనా, దించు! దాంట్లో పది లక్షల క్యాలరీలు ఉండాయి!"

"యాడ చూసినావప్పా? నీళ్ళే కదా ఉండేది," నాయన నవ్వాడు.

"పక్కకు పోరా, పాఠం చెప్పను పెద్ద వాద్యారు వచ్చినాడు!" అంది అమ్మ.

నేను దారికి అడ్డంగా నిలబడ్డాను. వాళ్ళు చటుక్కున ఆగారు. అండా ఊగి, దోసెడు నీళ్ళు అమ్మ పాదం మీద పడ్డాయి. అమ్మ కేక పెట్టింది కానీ కర్ర వదల్లేదు. వదిలితే మిగిలిన వేడంతా నా మీదే పడేది.