స్క్రూ మీద ఎర్ర చుక్క

చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట కరెంటు టెస్టరు ఉంటుంది కాబట్టి అందరూ అతన్ని టెస్టరు అనే పిలుస్తారు. లైబ్రరీలో ఉన్న పద్దెనిమిది కంప్యూటర్లకూ అతనే దిక్కు. ఏది మొరాయించినా పక్కన నిలబడి చెవి ఒగ్గి వింటే చాలు, జబ్బు ఫ్యానుదో హార్డ్‌డిస్కుదో చెప్పేస్తాడు. అంతటి పనిమంతుడు పెట్టె మూత తీసినప్పుడల్లా అటెండరు వచ్చి పక్కన నిలబడతాడు. ఊరికే నిలబడడు, మూత మళ్ళీ బిగించేదాకా టెస్టరు చేతుల వంకే చూస్తుంటాడు. లైబ్రరీ పెద్ద మేడం పెట్టిన నియమం అది. తొమ్మిదేళ్ళుగా నడుస్తోంది.

ఆ నియమం మేడం పెట్టిందే కానీ, పెట్టించిన పుణ్యం మాత్రం బావది. బావ అంటే చెల్లెలి మొగుడు. ఒకప్పుడు ఇద్దరూ కలిసి కంప్యూటర్లు బిగించి అమ్మే కొట్టు నడిపారు. నోరు బావది, చెయ్యి టెస్టరుది. బిగించిన ప్రతి పెట్టెలోనూ మదర్‌బోర్డు మూల స్క్రూ మీద చెల్లెలు తన గోళ్ళరంగుతో ఒక ఎర్ర చుక్క పెట్టేది. సగం స్క్రూ మీద, సగం రేకు మీద పడేది చుక్క. తర్వాత ఎవరైనా ఆ స్క్రూ తిప్పితే చుక్క పగిలి దొంగతనం బయటపడుతుంది. ఆ ఉపాయం టెస్టరుదే, కొట్టుకు మంచి పేరు తెచ్చింది కూడా అదే.

ఒకసారి ఏదో ఆఫీసుకు అమ్మిన కంప్యూటరులో కొత్త బోర్డు ఉండాల్సిన చోట పాతది కనపడింది. చుక్క మాత్రం చెక్కుచెదరలేదు. చుక్క చెదరలేదంటే బిగించినవాడే పాతది పెట్టాడన్నమాట. కొట్టు నిండా మనుషులుండగా బావ నిట్టూర్చాడు. మా బావమరిదికి కాస్త చేతివాటం ఉందనీ, ఇంటివాడు కదా అని ఇన్నాళ్ళూ కడుపులో పెట్టుకున్నాననీ చెప్పాడు. దొంగే దొంగా దొంగా అని అరిస్తే లోకం ఇంకొకణ్ణి పట్టుకుంటుంది. చెల్లెలు కౌంటరు వెనక తల దించుకుని కూర్చుంది. బోర్డు మార్చి చుక్క కూడా బావే పెట్టి ఉంటాడు, చెల్లెలు మొగుడి మాట నమ్మింది పాపం, అంతకంటే ఏం చేస్తుంది అనుకున్నాడు టెస్టరు. చెల్లెల్ని పల్లెత్తు మాట అనలేదు. కక్షంతా బావ మీదే పెట్టుకుని కొట్టు వదిలేశాడు. లైబ్రరీలో పనికి చేరేసరికి ఆ దొంగ పేరు అతనికంటే ముందే అక్కడికి చేరింది.

చూసేవాళ్ళు అతను మరిచిపోయాడనుకున్నారు. మరిచిపోవడమా! అటెండరు పక్కన నిలబడిన ప్రతిసారీ లోపల పళ్ళు నూరుకున్నాడు. రాత్రి కంచం ముందు కూర్చుని కూడా, ఆ బావను నలుగురిలో నిలబెట్టి ఏ మాట అనాలో ఎంచుకునేవాడు. మాట ఎన్నిసార్లు మార్చాడో లెక్కలేదు.

చివరికి ఆ రోజు వచ్చింది. పాత కంప్యూటర్లన్నీ తీసేసి కొత్తవి కొనాలని లైబ్రరీ కమిటీ తీర్మానించింది. మూడు నమూనాలు తెప్పించి, ఒకే బల్ల మీద పెట్టి, ఒకే పని చేయించి పోల్చి చూడమని టెస్టరుకు అప్పజెప్పారు. మూడో నమూనా బావ కొట్టు నుంచి వచ్చింది. దాని వెనకే బావ కూడా ఇస్త్రీ చొక్కాలో వచ్చాడు.

మొదటిది మ్యాక్. తెరా పెట్టే కలిసి ఒకే ముక్క. కళ్ళకద్దుకునేంత అందంగా ఉంది, చప్పుడన్నదే లేదు. కానీ లైబ్రరీ వాళ్ళు ఎప్పుడో రాయించుకున్న పుస్తకాల జాబితా ప్రోగ్రాము దాని మీద నడవలేదు. రెండోది లినక్స్. చిన్న పెట్టె, మామూలు ప్రాసెసరు, అయినా బరువు తెలియనట్టు పరుగెత్తింది. కాకపోతే మెనూలు కొత్తగా ఉండటంతో కమిటీ పెద్దాయన ప్రింటు బొత్తాం కోసం చాలాసేపు వెతుక్కున్నాడు. మూడోది బావ తెచ్చిన విండోస్. అందరికీ అలవాటైనదే, జాబితా కూడా చక్కగా తెరుచుకుంది. ముందు భాగంలో రంగురంగుల దీపాలు. ప్రాసెసరు ఈ ఏడాదిదే అని తెర మీద రాసి ఉంది. బావ మాటలు కోటలు దాటాయి. పెద్ద మేడం తల ఊపుతూ వింటోంది.

నలభై పేజీల స్కానింగు మొదలుపెట్టగానే ఆ మూడో పెట్టె రొప్పింది. టెస్టరు చెవి ఒగ్గి విన్నాడు. ఆ ఆయాసం అతనికి బాగా తెలుసు. ఇలాంటి ముసలి బోర్డులు లైబ్రరీలో పద్దెనిమిది మూలుగుతున్నాయి. పైన పటారం, లోన లొటారం! తొమ్మిదేళ్ళ తర్వాత మొదటిసారి అతనికి నవ్వొచ్చింది, దాన్ని దగ్గులో కలిపేశాడు.

తొందరపడలేదు. బావను ఇంకా మాట్లాడనిచ్చాడు, మంచినీళ్ళు కూడా తెప్పించాడు. లోపలి సామానంతా సరికొత్తదని పోలిక కాగితం మీద సంతకం అడిగితే బావ ఖుషీగా పెట్టాడు. సిరా ఆరాక టెస్టరు మేడం వైపు తిరిగాడు. ఒక పెట్టెలో విండోస్, ఇంకో పెట్టెలో లినక్స్ పెట్టి పోలిస్తే న్యాయం కాదనీ, ఒకే పెట్టెలో రెండూ నడిపి చూడాలనీ అన్నాడు. జేబులోంచి పెన్‌డ్రైవు తీశాడు, అందులో లినక్స్ ఉంది. బావ ముఖంలో నవ్వు ఆగింది. దేనికిప్పుడు, టైము వృథా అన్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడు.

లినక్స్ తెరుచుకుంది, ప్రాసెసరు పేరు తను చూసింది చూసినట్టు చూపించింది. పదేళ్ళ కిందటిది. విండోస్ పాపమేమీ లేదు, తెర మీద కనపడే పేరును బావే మార్చిపెట్టాడు. టెస్టరు మూత తీశాడు. అలవాటు కొద్దీ అటెండరు వచ్చి పక్కన నిలబడ్డాడు. బోర్డు మీద అచ్చేసిన సంవత్సరాన్ని మేడం పైకి చదివింది.

"నాకు సామాను పంపినవాడు మోసం చేశాడండీ," అన్నాడు బావ.

"ఈ మాట చెప్పుకునే అవకాశం నాకూ ఇచ్చుంటే బాగుండేది బావా," అన్నాడు టెస్టరు.

తొమ్మిదేళ్ళుగా మార్చి మార్చి ఎంచుకున్న మాటల్లో అది ఒక్కటీ లేదు. అయినా సరిగ్గా తగిలింది. బావ కొట్టు పేరు కొట్టేసి, మిగతా లైబ్రరీలన్నిటికీ ఈ సంగతి రాస్తానంది మేడం. తర్వాత అటెండరును వెళ్ళి కూర్చోమంది, ఇక నుంచి టెస్టరు పక్కన నిలబడక్కర్లేదంది. టెస్టరుకు కడుపు నిండిపోయింది. బావ దీపాల పెట్టె మోసుకుని మెట్లు దిగుతుంటే కిటికీలోంచి చివరి మెట్టు దాకా చూశాడు.

ఇంకొకటి కూడా చూశాడు, ఎవరికీ చెప్పలేదు. ఆ పెట్టెలో మూల స్క్రూ మీద ఎర్ర చుక్క ఉంది. తను వెళ్ళిపోయాక కొట్టులో చుక్కలు పెట్టడం మానేశారని అందరికీ తెలుసు. ఈ చుక్క తాజాగా మెరుస్తోంది. చెల్లెలే పెట్టింది, అన్నయ్యా చూసుకో అని చెప్పడానికి! అనుకుని ఆ రాత్రి పిల్లాడిలా నిద్రపోయాడు.

పొద్దున్నే చెల్లెలు లైబ్రరీ గేటు దగ్గర నిలబడి ఉంది. టెస్టరు పెద్ద పెద్ద అంగలు వేసుకుంటూ వెళ్ళాడు.

"చుక్క చూశానమ్మా. మొగుణ్ణి కాదని అన్నయ్య పక్షాన నిలబడ్డావు."

ఆమె తల ఎత్తలేదు. "తొమ్మిదేళ్ళ కిందట ఇంకో చుక్క పెట్టాను అన్నయ్యా. ఆ ఆఫీసు కంప్యూటరుకి. నువ్వు ఇంటికెళ్ళాక ఆయన బోర్డు మార్చారు. పగిలినదాన్ని గీకేసి మళ్ళీ పెట్టమన్నారు. పెట్టాను."

"ఎందుకని అడగలేదా?"

"అడగలేదు. తెలుసు."

తనను దొంగను చేసిన చుక్క బావ చేతిది కాదు. టెస్టరు ఆమె గోళ్ళ వైపు చూశాడు.

"నిన్న ఒక్క రాత్రి హాయిగా పడుకున్నాను," అన్నాడు. "అది కూడా ఉండనివ్వలేదు నువ్వు."

గేటు మూసి లోపలికి వెళ్ళాడు. కిటికీ పక్క కంప్యూటరు మొరాయిస్తోంది, దాని మూత తీశాడు. పక్కన ఎవరూ లేరు. స్క్రూడ్రైవరు స్క్రూ గాడిలో పెట్టాడు, జారింది. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ జారింది. అటెండర్ని కేకేశాడు.

"ఇంక అక్కర్లేదన్నారు కదండీ మేడం," అన్నాడు అటెండరు.

"వచ్చి నిలబడు," అన్నాడు టెస్టరు. "ఎవరో ఒకరు చూస్తుంటే తప్ప చెయ్యి సాగడం లేదు."