ఆగయ్య సులువు చేసిన పని

ఛత్రినాకలో ఆగయ్య పెళ్లికార్డులు అచ్చేసేవాడు. సన్నటి జాలీ బిగించిన చట్రంలో రంగు పోసి, రబ్బరు పట్టీతో ఒక్క లాగు లాగితే బంగారు అక్షరాలు పడేవి. పని నేర్పిన భిక్షపతి ఒకే మాట చెప్పాడు: "రంగు కలిపేటప్పుడు తలుపు ఏసుకోవాలె బిడ్డా. సొంత తమ్ముడైనా సరే, సూడనియ్యొద్దు." ముప్పై ఏళ్లు ఆగయ్య ఆ మాట తప్పలేదు.

పెళ్లికార్డులు ఫోన్లలోకి పోయాక దుకాణం మూతబడింది. సోలార్ పలకలు తయారుచేసే ఓ చిన్న కంపెనీలో గాజు కడిగే కూలీగా చేరాడు. అక్కడ పెరోవ్‌స్కైట్ అనే పసుపు ద్రవాన్ని గాజు మీద పలచగా పూస్తారు. సరిగ్గా ఆరితే అది నల్లబడి ఎండను కరెంటు చేస్తుంది. తేమ తగిలిందా, మచ్చలు పడి నాలుగు రోజుల్లో చస్తుంది. అందుకని పెద్ద చదువుల వాళ్లు గాలి చొరని పెట్టెలో చేతులు దూర్చి రోజుకు పది పలకలు చేసి, ఆరు పారేసేవాళ్లు.

ఆగయ్యకు నవ్వొచ్చింది. వానాకాలంలో కార్డుల మీద మచ్చలు పడకుండా తను చేసిందేమిటి? అట్టను ముందే వెచ్చబెట్టడం, రంగు లాగిన వెంటనే పక్కనుంచి వేడిగాలి కొట్టడం. కూతురు సోనీ జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్ తెచ్చి, పెట్టె బయటే గాజు మీద అదే చేసి చూపించాడు. నెలలు గడిచినా ఆ పలకలు చెక్కుచెదరలేదు.

మేనేజర్ రాఘవ్ భుజం తట్టాడు. "మొత్తం చూపించు ఆగయ్యా, వీడియో తీద్దాం. నిన్ను పర్మినెంట్ చేయిస్తా."

ఆ ఒక్క మాటకు పడిపోయాడు పిచ్చి మారాజు. ఎంత వేడి, ఎంత దూరం, ఎన్ని అంకెలు లెక్కపెట్టేదాకా గాలి కొట్టాలి, అన్నీ విప్పి చెప్పాడు. వీడియో తీసిన రోజే డ్రయ్యర్ మీద కంపెనీ స్టిక్కర్ అంటించారు.

పెట్టుబడి పెట్టేవాళ్లు వచ్చిన రోజు రాఘవ్ అతన్ని ముందు నిలబెట్టాడు. "ఎంత సింపుల్ చేశామంటే, చదువుకోని మనిషి కూడా చేస్తాడు!" అందరూ చప్పట్లు కొట్టారు. ఆగయ్య కూడా కొట్టాడు.

వారం తిరక్కుండా ఆరుగురు కొత్త కూలీలు వీడియో చూసి ఒక్కపూటలో పని నేర్చుకున్నారు.

"సార్, నా పర్మినెంట్ సంగతి ఏంది?"

"ఇప్పుడు ఎవరైనా చేస్తున్నారు కదా ఆగయ్యా. నువ్వే ఇంత ఈజీ చేసినవు. రేపటి నుంచి రావద్దులే."

గేటు దగ్గర కాపలావాడు సంచి వెతికి డ్రయ్యర్ లాక్కున్నాడు.

"గది నా బిడ్డది తమ్మీ."

"కంపెనీ స్టిక్కర్ ఉన్నది పెద్దాయనా. ఇడిచిపెట్టి పో."

ఇంటికి రాగానే సోనీ తడి తలతో ఎదురొచ్చింది. "బాపూ, డ్రయ్యర్ ఇయ్యాళైనా తెచ్చినవా?"

ఆగయ్య గడప మీదే కూలబడ్డాడు. "తలుపు ఏసుకోలేదు బిడ్డా."