తొమ్మిదో బల్లకు వినపడే పెట్టె

సెర్బియాలోని పాంచెవో ఊళ్లో మా కఫానాకు, అంటే తిండితో పాటు పాటా దొరికే మా హోటలుకు, ఆదివారం మధ్యాహ్నం వచ్చే జనంలో సగం మంది చిక్కుడుగింజల పులుసు కోసం వస్తారు, సగం మంది జగోర్కా పాట కోసం. వడ్డించేది నేనే కాబట్టి నా మాట నమ్మవచ్చు. జగోర్కా గిటారు మెడకు తగిలించుకుని, పిలిచినవాళ్ల బల్ల దగ్గరికి వెళ్లి, చెవి దగ్గర వంగి పాడుతుంది. మా దగ్గర పాటంటే అదే. వేదిక మీద నిలబడి పాడితే ఎవరికి పాడినట్టు?

నాలుగేళ్ల క్రితం వరకు ఆమె భర్త మిలోయె కూడా పక్కనే నిలబడి పాడేవాడు. ఆయన పోయాక గొంతు ఒక్కటే మిగిలింది. దానికీ అరవై దాటాయి. పైగా కొత్త కాఫీ మిషనొకటి వచ్చి పడింది. అది బుసకొడితే మూడో బల్ల దాటి పాట పోదు.

చివరికి యజమాని గ్వోజ్దెన్ తేల్చేశాడు.

"చూడు జగోర్కా, వచ్చే ఆదివారం నీ పాట తొమ్మిదో బల్లకు వినపడాలి. లేదంటే ఆ కీబోర్డు వాయించేవాణ్ని పిలుచుకుంటా. ఏమీ అనుకోకు."

తొమ్మిదో బల్ల వంటింటి తలుపు పక్కన ఉంటుంది. పదకొండేళ్లుగా అది స్తోయదిన్ పెద్దాయనది. ఆయనకు సగం చెముడు. ఆ సంగతి గ్వోజ్దెన్‌కు తెలియదా? నాకు ఒళ్లు మండింది. పైకి అనలేక గరిటెను గిన్నెకేసి కొట్టి ఊరుకున్నాను.

మర్నాడు జగోర్కా కూరగాయలు తెచ్చుకునే చక్రాల సంచి లాక్కుంటూ, నన్ను వెంటబెట్టుకుని స్పీకర్లమ్మే తిహొమిర్ దుకాణానికి బయల్దేరింది. అతను మమ్మల్ని నేరుగా నా భుజమంత ఎత్తున్న స్పీకరు ముందు నిలబెట్టాడు.

"ఐదొందల మందికి వినపడుద్దమ్మా."

"మావి తొమ్మిది బల్లలే నాయనా. దీన్ని మూడో అంతస్తులో మా ఇంటికి ఎవరు మోస్తారు, నువ్వొస్తావా?"

"లిఫ్టు లేదా?"

"ఉంది. నా పెళ్లప్పట్నుంచీ బాగుచేస్తున్నారు."

తర్వాత కర్రలా నిటారుగా ఉన్న స్పీకరొకటి చూపించాడు. దాన్ని ఓ మూల పెట్టి ముందు నిలబడి పాడాలట.

"నేను బల్ల దగ్గర, నా గొంతు మూలన. జనం ఎవర్ని చూడాలి?" అంది జగోర్కా.

మూడోది చిన్న పెట్టె. చార్జింగ్ పెడితే ఐదు గంటలు నడుస్తుంది, సంచిలో సరిగ్గా పట్టింది. గిటారు వాయించే చేతులకు అడ్డు లేకుండా చెవికి తగిలించుకునే మైకు ఇచ్చాడు. అద్దంలో చూసుకుని జగోర్కా మూతి ముడిచింది.

"సంతలో మైకు పెట్టుకుని కత్తులమ్మే దానిలా ఉన్నానే."

"కత్తులమ్మితే ఇంతకన్నా ఎక్కువ మంది వింటార్లే అక్కా, పాడు," అన్నాను.

ఆమె అలవాటుగా తిహొమిర్ చెవి దగ్గర వంగింది. కాళ్ల దగ్గరున్న పెట్టె కీచుమంది. అతను చెవి మూసుకుని పక్కకు దూకాడు.

"స్పీకరు మీదికి ఎవరైనా వంగుతారా అమ్మా?"

"మేం వంగే పాడతాం."

అతను సంచిని రెండడుగులు దూరం జరిపి, పెట్టె ముఖం అవతలికి తిప్పాడు. కీచు ఆగింది.

"ఇప్పుడు శబ్దం తగ్గించు. ఇంకా. ఇంకా," అంది జగోర్కా.

"అందరూ పెంచి చూస్తారు, మీరేంటి తగ్గించమంటారు?"

"అరవడానికి పెట్టెలు బోలెడున్నాయి. మెల్లగా పాడినా నా గొంతు నా గొంతులాగే ఉండాలి."

పెద్ద స్పీకరులోనూ తగ్గించి విన్నాము. నోట్లో గుడ్డ కుక్కినట్టుంది. చిన్నదానిలో మాత్రం అచ్చంగా జగోర్కాయే పాడింది. దాన్నే తీసుకున్నాము.

ఆదివారం వచ్చింది. సంచిని తొమ్మిదో బల్ల పక్కన నిలిపి, ఆమె వీధి తలుపు దగ్గర తమిష్ నది పడవవాడి పాట ఎత్తుకుంది. గ్వోజ్దెన్ చేతులు కట్టుకుని కాఫీ మిషను పక్కన నిలబడ్డాడు. స్తోయదిన్ తల ఎత్తలేదు. ఆయన చెంచా ఆగలేదు. పాట అయిపోయింది, ఎనిమిది బల్లలు చప్పట్లు కొట్టాయి. గ్వోజ్దెన్ నావైపు చూసి పెదవి విరిచాడు. జగోర్కా మెల్లగా వచ్చి సంచి పిడి పట్టుకుంది. నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు స్తోయదిన్ చెంచా కింద పెట్టి మీసం తుడుచుకున్నాడు.

"అమ్మాయ్, మూడో చరణం ఏదీ?"

ఆ చరణం మిలోయెది. ఆయన పోయాక ఆమె రెండింటితో ఆపేస్తుంది. తెలిసినవాళ్లం ఎవరమూ అడగము.

"అది మిలోయె పాడేవాడు కదా పెద్దాయనా. నాలుగేళ్ల నుంచి పాడట్లేదు," అంది జగోర్కా.

"పాడట్లేదా?" ఆయన తెల్లబోయాడు. "మీరిద్దరూ పాడినప్పుడు ఇక్కడిదాకా వచ్చేది. తర్వాత ఇవాళ్టిదాకా ఏదీ వినపడలా. నీ పెదాలు కదుల్తుంటే మూడూ పాడుతున్నావనుకున్నా. వాడి చరణం నేను లోపల పాడుకుంటూనే ఉన్నానే."

గ్వోజ్దెన్ చెయ్యి చాచి కాఫీ మిషను ఆపేశాడు. జగోర్కా కళ్లు తుడుచుకుని, సంచిని రెండడుగులు జరిపి, పెట్టె ముఖం అవతలికి తిప్పింది. పెద్దాయన చెవి దగ్గర వంగి మూడో చరణం అందుకుంది. ఆయనా గొంతు కలిపాడు. శ్రుతి ఎక్కడా కలవలేదు. ఆ చిన్న మైకు ఆయన గొంతును కూడా పట్టుకుని తొమ్మిది బల్లలకూ వినిపించింది.