పచ్చాకు మీద తీర్పు

మున్షీ గారు పోయారన్న కబురు వాళ్ల అల్లుడు వాట్సాప్‌లో పెడితే తెలిసింది. మా ఇంటికీ వాళ్ల ఇంటికీ మధ్య ఉన్నది ఒక్క గోడ. వచ్చి చెప్పడానికి ఎవరికీ తీరలేదు. నేను వెళ్లేసరికి వసారాలో కూర్చున్నవాళ్లు ఆయన ఫోన్ పిచ్చి గురించి మాట్లాడుకుంటున్నారు. ముసలితనంలో మతి చెడి అమెరికా వాళ్ల ఆటేదో చూసేవాడని ఒకాయన నవ్వాడు కూడా. నవ్విన ఆ పెద్దమనిషికి ఛత్తీస్‌గఢ్ అంచున ఉన్న మా కోంటాలో ఎవరి సంగతీ తెలియనిది లేదు, తన సంగతి తప్ప. అందుకే ఇది రాస్తున్నాను.

మున్షీ గారు నలభై వేసవులు తునికాకు కొనే ఫడిలో పనిచేశారు. అడవి నుంచి కూలీలు తెచ్చిన కట్టలు చూసి తీసుకోవడం, ఎండబెట్టించడం ఆయన పని. చిరిగినవీ లేతవీ పక్కన పెట్టేవారు గాని, ఏ ఆకు మంచి బీడీ అవుతుందో పచ్చిగా ఉన్నప్పుడు చెప్పమంటే చెప్పేవారు కాదు. "పచ్చిగున్నప్పుడు అంతా మంచాకే. ఎండినంక మాట్లాడాలె" అనేవారు. పని మానేశాక కూడా ఏప్రిల్ వస్తే ఫడికి వెళ్లే వేళకే లేచేవారు. అలా లేచిన ఒక రోజు, ఎవరూ అడక్కుండానే, ఫోన్ ఆయనకు డ్రాఫ్టు అనేదొకటి చూపించింది.

అది మూడు రోజుల తంతు. అమెరికాలో ఫుట్‌బాల్ జట్లు కాలేజీ కుర్రాళ్లను వంతులవారీగా పేరు పిలిచి తీసుకుంటాయి. ఆట ఉండదు. పేర్లు పిలవడం, వాటి మీద అరవడం, అంతే. అక్కడి రాత్రి మనకు తెల్లవారే వేళ. ఆయనకు ఇంగ్లీషు రాదు కాబట్టి ఇంగ్లీషు చెప్పి రిటైరైన నన్ను కేకేసేవారు. నాలుగు వేసవులు ఆయన మంచం పక్కన కూర్చుని అభిమానుల అభిప్రాయాలు తెలుగు చేసి చెప్పాను. నా చదువంతా చివరికి దానికి పనికొచ్చింది.

పేరు పిలవగానే ముఖానికి రంగు పూసుకున్న ఒకడు, వీడు మా జట్టును ముంచుతాడని తల పట్టుకుంటాడు. పక్కవాడు అదే పేరుకు ఆనందంతో ఏడుస్తాడు. నెలల తరబడి జోస్యాలు చెప్పిన టీవీ పండితులు, జోస్యం తప్పితే పిలిచిన జట్టుదే తప్పంటారు. తర్వాత జట్లకు మార్కులేస్తారు. కిందటేడు ఎక్కువగా ఓడిన జట్టుకు ముందు వంతు ఇవ్వడం ఒక్కటే మున్షీ గారికి నచ్చింది.

"పరీక్ష రాయకముందే మార్కులెట్లేస్తరు సారూ?" అని అడిగారు.

అదే వాళ్ల బతుకుదెరువన్నాను.

"మీరూ అట్లనే జేస్తిరి గదా. మా పెద్దోడు ఫెయిలైతడని బడి తెరిచిన్నాడే చెప్తిరి."

అయ్యాడు కదా అన్నాను.

"అయిండు. మీరు చెప్పినంక కాకుంటె ఎట్లుంటడు?" అని ఫోన్ వైపు తిరిగారు.

నాకు ఆయన ఏనాడూ సరిగ్గా అర్థం కాలేదు. ప్రతి ఏడాదీ ఆయన కళ్లు వెతికేది ఒక్కణ్ణే. కొత్త సూటు వేసుకుని, ఇంటివాళ్లతో వచ్చి కూర్చుని, పిలుపు రాని కుర్రాణ్ణి. "ఆ పిల్లగాన్ని పిలిచిండ్రా?" అని నన్నే అడిగేవారు. అడగడానికి నేనే దొరికానా అని మండిపోయేది.

ఎందుకంటే మేం చూసిన మొదటి డ్రాఫ్టుకు ముందు చలికాలంలో జగదల్‌పూర్‌లో తెలుగువాళ్ల సభ జరిగింది. పాత పంతుళ్లను సన్మానిస్తాం, మీరూ రావాలని ఫోన్ చేశారు. ఇస్త్రీ పంచె కట్టుకుని ముందు వరుసలో కూర్చున్నాను. పక్కన మున్షీ గారు. పేర్లు చదివారు. శాలువాలు అయిపోయాయి. నా పేరు రాలేదు. మరిచారో, కొట్టేశారో ఈరోజు వరకు ఎవరూ చెప్పలేదు. ఆ కార్యవర్గంలో నలుగురికి నేనే అక్షరాలు దిద్దించాను. తిరుగు బస్సులో కోంటా దాకా మున్షీ గారు కిటికీలోంచి బయటికే చూశారు. తోటి మనిషి ముఖం చూడడానికి కూడా సిగ్గుపడ్డారనుకున్నాను. వేసవి రాగానే పిలిచి, ఇది చూడండి సారూ అని ఆ డ్రాఫ్టు నా ముందు పెడితే, ఇక ఎగతాళి అనుకోక ఏమనుకోను?

దినం నాడు ఫడిలో పనిచేసిన ఒకామె నా పక్కన కూర్చుంది. తన కట్టలు బాగా లేకపోతే అందరూ వెళ్లేదాకా మున్షీ తన వైపు చూసేవాడే కాదని, ఆ తర్వాతే మెల్లగా చెప్పేవాడని అంది. ఆమె మాట విన్నాక నాకు ఇంకా తికమకగా ఉంది. మీలో ఎవరికైనా అర్థమైతే చెప్పండి.

పోయే ముందు, ఈ ఏప్రిల్‌లో ఆయన మంచం దిగలేకపోయారు. అయినా కేకేశారు. బూడిదరంగు సూటులో ఒక కుర్రాడు తల్లి పక్కన కూర్చున్నాడు. మొదట్లోనే పిలుస్తారని అందరూ చెప్పిన పేరు. జట్టు తర్వాత జట్టు అతన్ని దాటిపోయింది, కెమెరా మాత్రం వదల్లేదు. వీడియో కింద అభిమానులు రాస్తూనే ఉన్నారు. కొందరు జాలి, ఎక్కువమంది నవ్వు. నేను చదవడం మొదలుపెట్టాను, కొంచెం కసిగానే. మన అవమానం మరొకడి మీద పడుతుంటే పైకి చదవడంలో ఒక సుఖం ఉంటుంది.

మున్షీ గారు చెయ్యి చాపి ఫోన్‌ను కప్పేశారు.

"చదవకుండ్రి సారూ. ఆ పిల్లగాని దిక్కు చూడకుండ్రి. ఇంటికి పోనియ్యుండ్రి."

బస్సులో అటు తిరిగి కూర్చున్నది ఇందుకేనా అని అడగబోయాను. అయితే ఈ నాలుగేళ్లూ నన్ను దీని ముందు ఎందుకు కూర్చోబెట్టినట్టు? ఆయన కళ్లు మూసుకున్నారు గాని చెయ్యి తీయలేదు. తునికాకు పసరుతో నల్లబడిన ఆ వేళ్ల సందుల్లోంచి వెలుగు మారుతూనే ఉంది, ఒకసారి నీలంగా, ఒకసారి తెల్లగా, కింద ఎవరి ముఖం ఉందో కనబడకుండా.