చరోదా రమణమ్మ చెప్పని మాటలు

ఆ రోజుల్లో అని మొదలుపెట్టేంత వయసు నాకింకా రాలేదు. నేను చెప్పబోయేది జరిగి పట్టుమని ఎనిమిదేళ్ళు కూడా కాలేదు. అయినా అప్పటి నన్ను తలుచుకుంటే ఎవరో దూరపు చుట్టాలమ్మాయి సంగతి చెబుతున్నట్టే ఉంటుంది. నేను పుట్టిందీ చదివిందీ భిలాయిలోనే. నాన్న స్టీల్ ప్లాంటులో రిటైరయ్యాక క్వార్టర్ అప్పగించేసి, అమ్మను తీసుకుని విజయనగరం పక్కనున్న తన ఊరికి వెళ్ళిపోయారు. నాతో చదివినవాళ్ళంతా తలో ఊరూ పట్టుకుని పోయారు. నేను మాత్రం "నా ఊరు ఇదే, నేను రాను" అని పెద్ద పట్టుదలగా ఉండిపోయాను. తీరా ఉండిపోయాక చూస్తే, ఆ ఊళ్ళో నేను చొరవగా తలుపు తట్టదగిన ఇల్లు ఒక్కటీ మిగల్లేదు. సెక్టర్ 2లో ఒక తెలుగువాళ్ళ క్వార్టర్ వెనక గది అద్దెకు తీసుకున్నాను. వంట అమ్మ దగ్గరే నేర్చుకున్నాను గనుక నాకు నలుగురికి వండటమే వచ్చు. ఎంత తగ్గించినా ఇద్దరికి సరిపడా అయ్యేది. ఒక వాటా మధ్యాహ్నం తిని, రెండో వాటా సాయంత్రం తినేదాన్ని. రెండుసార్లూ ఎదురుగా గోడే.

అలాంటి రోజుల్లో దుర్గ్ వెళ్ళే రోడ్డు మీద కొత్తగా పెట్టిన ఒక చిన్న రేడియో స్టేషన్‌లో నాకు ఉద్యోగం దొరికింది. రెండు గదులు, ఒక కూలరు, గోడలకు అతికించిన పాత పరుపుల స్పాంజి. దాని పెద్దను అందరం సార్జీ అనేవాళ్ళం. బడిలో హిందీ చెప్పి రిటైరైన మనిషి. పాటలు ఫోన్లలో ఎటూ దొరుకుతాయి, జనానికి కావలసింది మాట అని ఆయన సిద్ధాంతం. ఆ మాటలో రాజకీయం మాత్రం ఉండకూడదు. గుమ్మం పైన పెద్ద హిందీ అక్షరాలతో బోర్డు కూడా రాయించారు, చెప్పులూ రాజనీతీ బయట విడిచి రమ్మని. ఊళ్ళో ఇంతమంది తెలుగువాళ్ళున్నారు కదా, రోజూ మూడింటికి అరగంట తెలుగులో మాట్లాడిద్దామని ఆయనకు తోచింది. "బేటీ, తెలుగు ఆతీ హై?" అని అడిగారు. వచ్చన్నాను. (నా తెలుగు సగం అమ్మది, సగం వీధిలో ఆడుకునే హిందీ పిల్లలది. ఆ సంగతి ఆయనకు తెలిసే దారి లేదు.)

నాన్నకు ఫోన్ చేసి చెప్పాను. "రాజకీయం లేకపోతే జనం ఏటి మాటాడతారే? ఎండ గురించా?" అన్నారు. నేను నొచ్చుకున్నాను. ఎందుకంటే మొదటిరోజుకి నేను రాసుకున్న విషయం ఎండే. "ఈ ఎండల్లో మీరేం చేస్తున్నారు, ఫోన్ చేసి చెప్పండి" అని నంబరు మూడుసార్లు చదివి, ఫోన్ వంక చూస్తూ కూర్చున్నాను. మోగలేదు. మర్నాడు పప్పు తాలింపు గురించి అడిగాను. ఆ తర్వాత చిన్నప్పటి ఆటలు, మొదటిసారి రైలెక్కిన రోజు, ఇంట్లో పోయి దొరికిన వస్తువులు. పదకొండు రోజుల్లో వచ్చింది ఒకే ఒక్క ఫోను. గ్యాస్ సిలిండరు ఎప్పుడు పంపిస్తారని అడిగి, నేను రాంగ్ నంబరు అనేలోపు ఆయనే విసుక్కుని పెట్టేశాడు. (అయినా ఒక మనిషి గొంతు వినపడిందని ఆ రోజంతా నాకు హుషారుగానే ఉంది.) సార్జీ అద్దం అవతల కూర్చుని, ఒక్క ముక్క అర్థం కాకపోయినా, పరీక్ష రాసే పిల్లను చూసినట్టు నావైపు చూసేవారు. చివరికి ఒకరోజు, నెలాఖరు దాకా చూద్దాం బేటీ, తర్వాత ఆ అరగంట భజనలు వేద్దాం అన్నారు.

పన్నెండో రోజు నాకు రమణమ్మ పుట్టింది. ముందుగా ఏమీ అనుకోలేదు. ఫోను మోగట్లేదు, గడియారం నడుస్తోంది, నోరు దానంతట అదే అంది: "చరోదా రైల్వే కాలనీ నుంచి రమణమ్మ గారు మనకు మెసేజ్ పంపారు." చేతిలో తెల్లకాగితం పట్టుకుని చదివేశాను. రమణమ్మ భర్త గూడ్సు బండి గార్డు, వెళితే రెండు మూడు రోజులకు గానీ రాడు. ఆవిడ ఇద్దరికి వండి, ఒక్కతే కూర్చుని రెండు పూటలూ అదే తింటుంది. కూరలో ఉప్పు వేశానా లేదా అని అడగడానికి కూడా మనిషి లేక, ఒక్కోసారి రెండుసార్లు వేసేస్తుంది. కాగితంలో లేని అక్షరాలు మసకబారడం నేను అప్పుడే చూశాను.

మర్నాడు మూడూ అయిదుకి ఫోన్ మోగింది. ఎవరో పెద్దాయన, గది అదిరేంత గొంతు. "నాను రోలింగ్ మిల్లులో ముప్పయ్యారేళ్ళు సేసి దిగినోణ్ణి. సెవులు కొంచెం పోయాయి గానీ నీ పోగ్రాం రేడియో సెవికి ఆనించుకుని యింటన్నాను. ఆ సరోదా అమ్మకి సెప్పు, ఉప్పేసినాక గరిటి మూకుడు మీద అడ్డంగా ఎట్టమను. గరిటి అడ్డంగా ఉంటే ఉప్పు పడినట్టు. మా ముసిల్ది పోయినకాడినుంచి నాను అలాగే సేస్తన్నాను." ఆయనకు నేను రోలింగ్ మిల్లు తాత అని పేరు పెట్టుకున్నాను. ఆ వెనకే మరో ఇద్దరు, మర్నాడు అయిదుగురు. నెలాఖరుకి లైను ఖాళీ ఉండేది కాదు. ఎవరూ నన్ను పలకరించడానికి చేసినవాళ్ళు కారు, అందరూ రమణమ్మకు చెప్పమనేవాళ్ళే. ఒకావిడ పక్కింటివాళ్ళతో మాట కలపడం ఎలాగో చెప్పింది. ఇంకొకావిడ తన మొగుడు ఇంట్లోనే ఉంటాడనీ, అయినా తన పరిస్థితి అదేననీ చెప్పి నవ్వింది. నేను రోజూ రమణమ్మ చేత కొత్త సంగతి చెప్పించేదాన్ని. అందులో ఒక్కటి కూడా నేను వెతుక్కోవలసిన పని లేకపోయింది.

సార్జీకి పండగలా ఉండేది. అయితే ఆయన భయం ఆయనకుండేది. భాష తెలియదు గనుక, మాటల్లో ఎక్కడైనా రాజకీయం దొర్లుతుందేమోనని కట్ బటన్ మీద వేలు పెట్టుకుని చెవులు రిక్కించి కూర్చునేవారు. ఒకావిడ రమణమ్మ కోసం సున్నుండలు చేసే పద్ధతి చెబుతూ "మంచి నేతితో చేస్తేనే" అనేసరికి ఫోన్ ఆగిపోయింది. బయటికి వచ్చి చూస్తే సార్జీ చెమటలు తుడుచుకుంటున్నారు. "నేతా కా నామ్ లియా ఉస్నే" అన్నారు, ఆవిడ ఎవరో నాయకుడి పేరెత్తిందని. నేతి అంటే ఘీ అని చెప్పడానికి నాకు పది నిమిషాలు పట్టింది. ఆవిడకు నేనే తిరిగి ఫోన్ చేసి క్షమాపణ చెప్పాను. (బెల్లం సంగతి చెప్పేలోపే కట్ చేశారని ఆవిడ బాధ.)

ఇంత బాగా జరుగుతున్నప్పుడు సార్జీకి ఆ ఆలోచన రాకపోతే బాగుండేది. స్టేషన్ పెట్టి ఏడాది అవుతోంది, శ్రోతలందర్నీ పిలిచి రమణమ్మగారికి శాలువా కప్పుదాం అన్నారు. రమణమ్మకు మొహమాటం అన్నాను. కారు పంపిస్తానన్నారు. జ్వరమన్నాను. తగ్గాకే పెడదామన్నారు. దిక్కుతోచక మర్నాడు మైకులో రమణమ్మ భర్తను బిలాస్‌పూర్‌కి ట్రాన్స్‌ఫర్ చేసేశాను. సామాను సర్దుకుంటున్నారు, అందరికీ దండాలు చెప్పమన్నారు అని చదివి, పీడ వదిలిందనుకున్నాను. ఆ రోజు ఫోన్ చేసినవాళ్ళలో ఇద్దరు ఏడ్చారు. రోలింగ్ మిల్లు తాత మాత్రం ఏడవలేదు. "ఎల్లిపోకముందే ఓపాలి సూసొస్తాను" అని పెట్టేశారు.

ఆయన నిజంగానే వెళ్ళారు. చేగోడీల డబ్బా సంచిలో పెట్టుకుని, ఆటో ఎక్కి, చరోదా కాలనీలో తెలుగు రమణమ్మ ఇల్లెక్కడని అడిగారు. ఆ కాలనీ నిండా శ్రీకాకుళం, విజయనగరంవాళ్ళే. అక్కడ రమణమ్మ అనే మనిషి ఉండదని నేనెలా అనుకున్నానో ఇప్పటికీ నాకు తెలియదు. ఉంది. ఆవిడ భర్త గార్డు కూడాను.

రెండోరోజు నేను స్టేషన్‌కి వెళ్ళేసరికి వరండాలో ఒక లావుపాటి ఆవిడ కూర్చుని ఉంది. ఒళ్ళో చేగోడీల డబ్బా. నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"రేడియోలో మాటాడే పిల్లవి నువ్వేనా?"

"అవునండీ."

"నాను సరోదా రమణమ్మని. ఏటమ్మా, నా పేరు సెప్పుకుని రోజూ ఏడస్తన్నావంట?"

ఆవిడే చెప్పుకుపోయింది. "మా ఇంట్లో పదిమందిమి. అత్త, మామ, మరిది, తోటికోడలు, నలుగురు పిల్లలు. ఆయన డూటీకి ఎల్తే ఒక మడిసి తగ్గేడని బాత్‌రూం కాడ సంతోషిస్తాం. నాకు ఒక్కదాన్ని కూకుని తినే భాగ్యం ఏ జన్మలో ఉందే? ఇప్పుడు కాలనీ అంతా మా ఆయన్ని సూసి, పెళ్ళాన్ని వొగ్గీసి తిరుగుతున్నాడని గుసగుసలు. ఆ ముసలాయనైతే మా అత్త ముందరే నా తలమీద సెయ్యేసి, బెంగెట్టుకోకు తల్లీ అన్నాడు. మాయత్త ఆ రోజునుంచి నాతో మాటాడ్డం లేదు."

తప్పయిపోయిందన్నాను. ఊరికే ఊహించి చదివానన్నాను. ఆవిడ డబ్బా బెంచీ మీద పెట్టి కాసేపు నన్నే చూసింది. మళ్ళీ మాట్లాడినప్పుడు గొంతు తగ్గింది.

"మీ అమ్మోళ్ళు ఈడ లేరా?"

"లేరండీ. ఊళ్ళో ఉన్నారు."

"అయితే ఆ రెండో పూటన్నం తింతన్నది నువ్వా?"

చేగోడీల డబ్బా మూత తీసి, మళ్ళీ పెట్టి, మళ్ళీ తీశాను. ఆవిడ "రేపు మైకులో సెప్పెయ్, ఆ రమణమ్మ నాను కానని. అదొక్కటీ సాలు" అని లేచి వెళ్ళిపోయింది. డబ్బా నాకే వదిలేసింది.

లోపలికి వెళ్ళి సార్జీకి అంతా చెప్పాను. ఆయన కోప్పడతారని అనుకున్నాను. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు. చివరికి, నేను గుమ్మం దగ్గర బోర్డు పెట్టి ఆపిన రాజనీతిని నువ్వు లోపల కూర్చుని చేశావు బేటీ అన్నారు హిందీలో. ఆ మాట నవ్వుతూ అన్నారో బాధతో అన్నారో తెలియలేదు. తలెత్తి చూసే ధైర్యం నాకు లేకపోయింది.

మర్నాడు మూడింటికి చెప్పేశాను. కాగితం లేకుండానే. "రమణమ్మ అనే ఆవిడ మెసేజ్‌లు పంపలేదు. అవన్నీ నా మాటలే. చరోదాలో ఉన్న రమణమ్మ గారికీ ఈ కథకూ సంబంధం లేదు. ఆవిడ ఇంటి నిండా మనుషులున్నారు." ఇంతే. దీనికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. మిగతా ఇరవైఎనిమిది నిమిషాలు ఏం మాట్లాడాలో తెలియక ఫోన్ వంక చూశాను. చాలాసేపటికి మోగింది. సున్నుండలావిడ.

"మాకు ముందే అనుమానమే అమ్మా. రమణమ్మకి తనవాళ్ళ యాద్ వస్తోంది అని చదివావు చూడు, అప్పుడే మా కోడలితో అన్నాను. తెలుగు నేల మీంచి వొచ్చినావిడైతే బెంగగా ఉందంటుంది గానీ యాద్ వస్తోందంటుందా? అది నీ మాట."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు ఫోన్ చేశారండీ?"

"ఎవరో ఒకరు అక్కడ ఒక్కళ్ళే ఉన్నారు కదా" అంది. అని, బెల్లం పాకం సంగతి మొదలుపెట్టింది.

అందరూ ఆవిడలాంటివాళ్ళు కారు. కొందరు తిట్టారు, ఎక్కువమంది మానేశారు. లైను మళ్ళీ ఖాళీగా ఉండటం మొదలైంది, రోజుకు ఇద్దరు, ముగ్గురు. రాజకీయం లేని మాటకు మా ఊళ్ళో ఎంతమంది వింటారని ఎవరైనా అడిగితే నాకు తెలిసిన లెక్క అదే. సార్జీ భజనలు పెట్టలేదు. ఆ ముగ్గురూ చాలన్నట్టు మరో ఏడాది నడిపించి, మోకాళ్ళ నొప్పులతో ఆయన ఇంటిపట్టున కూర్చున్నాక గానీ స్టేషన్ మూయలేదు. నేను రాయపూర్‌లో ఒక ఆఫీసు ఉద్యోగంలో చేరాను. ఇప్పటికీ అక్కడే.

రోలింగ్ మిల్లు తాత మాత్రం మళ్ళీ ఫోన్ చేయలేదు. రోజూ మూడూ అయిదుకి నా కళ్ళు ఫోన్ మీదికి పోయేవి. నా దగ్గర ఆయన నంబరు ఉంది. చేసి ఏమని చెప్పాలో ఎన్నిసార్లు రాసుకున్నా కుదరలేదు.

భిలాయి వదిలే ముందు వారం సెక్టర్ మార్కెట్‌లో కూరగాయలు కొంటున్నాను. పక్కనుంచి "ఆనపకాయ లేతదియ్యి భయ్యా" అని గొంతు వినబడింది. తల తిప్పకుండానే తెలిసిపోయింది. సన్నగా, పొట్టిగా, గొంతుకి ఏమాత్రం పొంతన లేని మనిషి. ఆయన నన్ను ఎప్పుడూ చూడలేదు. కానీ నేను నోరు తెరిస్తే చాలు, గొంతు పట్టేస్తారు. కొట్టువాడు నాకేం కావాలని అడిగాడు. నేను వంకాయలవైపు వేలు చూపించాను. ఎన్ని అన్నాడు. చెయ్యి తెరిచి అరకిలో అన్నట్టు ఏదో ఊపాను. వాడికి అర్థం కాలేదు. అప్పుడు తాత నావైపు చూశారు, జాలిగా. పాపం, మాట రాని పిల్ల అనుకున్నారు. కొట్టువాణ్ణి హిందీలో కేకలేసి, తనే ఒంగి, పుచ్చులు లేకుండా ఒక్కొక్క వంకాయా తిప్పి చూసి నా సంచిలో వేశారు. వేస్తూ వేస్తూ, నాకు వినపడదనుకున్నారో ఏమో, ఎంతమందికి మాట లేదో అని తెలుగులో తనలో తనే అనుకున్నారు.

నేను రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాను. ఆయన తల ఊపి వెళ్ళిపోయారు.

ఇరవైనాలుగేళ్ళ ఆ మొద్దుపిల్ల అలా సంచి పట్టుకుని ఎండలో నిలబడిపోయింది. నోరు విప్పి, తాతా, నేనే అని ఒక్క మాట అంటే ఏం పోయేదని ఇప్పుడు నవ్వుకుంటూ ఉంటాను. రోజూ మాట్లాడటమే ఉద్యోగంగా బతికిన పిల్ల, మాట్లాడదగిన ఒక్క మనిషి దొరికిన రోజున వేలితో వంకాయలు చూపించింది. ఇప్పుడైతే తప్పకుండా మాట్లాడేదాన్ని. అలా అని అనుకుంటూ ఉంటాను గానీ, అంత గట్టిగా చెప్పలేను.